సారంగు ఇంటి ఉద్యోగం

"ఈ పాదం ఎవరిదే?"

దయావతి చేతిలో ఒక తెల్ల కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో గీసిన కుడి పాదం. మడమ నుంచి బొటనవేలి దాకా స్కేలు పెట్టి కొలిచి, పక్కన అంకెలు కూడా వేసి ఉన్నాయి.

గుమ్మం దగ్గర తల దువ్వుకుంటున్న సారా చేయి ఆగిపోయింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"నిన్నేనే. పరుపు కింద దొరికింది. ఇరవైమూడేల్లొచ్చి, కాలు గీసుకుని దాసుకునే ఆటేటిది?"

"ఆట కాదమ్మా. చెన్నైకి ఫ్యాక్స్ చేసాను. బూట్ల కోసం."

"ఏ బూట్లు?"

"ట్రైనింగ్ బూట్లు. సింగపూర్ ఓడరేవులో ముందు ఇనప రేకున్న బూట్లే వేసుకోవాలట. సైజు పంపమన్నారు. వాళ్ళ నంబర్లు వేరే. అబర్డీన్ బజార్లో నాలుగు షాపులు తిరిగాను, ఎవరికీ మాలూమ్ లేదు. అందుకే పాదమే గీసి పంపేసాను."

కడుపులో పెట్టుకున్న మాట ఎన్నాళ్ళు దాగుతుంది గనక! రెండు రోజులుగా సారా నోటి దాకా వచ్చి వెనక్కి పోతున్న సంగతిని ఆ పాదం ఇట్టే బయట పెట్టేసింది.

"పంపేసేవా?" దయావతి ఆ మాట దగ్గరే ఆగింది. "మత్లబ్, ఒస్తానని ఆల్లకి సెప్పేసేవా?"

"శనివారమే చెప్పేసాను."

పొయ్యి మీద అన్నం పొంగి గిన్నె అంచున కారుతోంది. తల్లీ కదల్లేదు, కూతురూ కదల్లేదు. గోడలకు చెవులుంటాయని అంటారు గానీ పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో ఆ వరస ఇళ్ళకున్నవి చెక్క గోడలు. వాటికి చెవులతో పాటు నోళ్ళు కూడా ఉన్నాయి. పక్కింట్లో అప్పటికే గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పోయిన శుక్రవారం ఆ ఇంటికి రెండు కాగితాలు వచ్చాయి. పొద్దున వచ్చింది సర్కారు కాగితం. సారా తండ్రి యిర్మియా దీవుల మధ్య తిరిగే ఫెర్రీని నడిపే సారంగు. రంగత్ నుంచి తిరిగివస్తూ, డ్యూటీలోనే, చుక్కాని దగ్గర గుండె పట్టుకుని కూర్చుని మరి లేవలేదు. అది జరిగి ఆరేళ్ళు. ఉద్యోగంలో ఉండగా పోయినవాడి ఇంట్లో ఒకరికి సర్కారు దయతలచి ఇచ్చే కొలువు, ఖాళీ కోసం ఇన్నాళ్ళూ చూసి చూసి, ఇప్పటికి సారా పేరున వచ్చింది. క్లర్కు పని. అదీ తండ్రి పనిచేసిన ఆఫీసులోనే.

సాయంత్రం వచ్చింది కంపెనీ కాగితం. నార్‌హోల్మ్ లైన్స్ అని విదేశీ ఓడల కంపెనీ. డిగ్రీ చదివిన పిల్లల్ని దేశదేశాల నుంచి ఏరి, రెండేళ్ళ పాటు నాలుగు రేవుల్లో తిప్పి పని నేర్పిస్తుంది. ఈ ఏడాది తొమ్మిది దేశాల నుంచి పద్నాలుగు మందిని తీసుకున్నారు. ఆ పద్నాలుగు మందిలో షాదీపూర్ పిల్ల ఒకతె ఉంది. ఆ కాగితం సంగతి తమ్ముడు దేవప్రసాద్‌కి తప్ప సారా ఎవరికీ చెప్పలేదు. తల్లి ముఖంలో ఆరేళ్ళ తర్వాత వచ్చిన నవ్వు చూసి, రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఊరుకుంది.

ఊరుకున్నందుకు ఆదివారం నాడు శాస్తి జరిగింది. చర్చిలో తెలుగు ఆరాధనలో, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పే వేళ దయావతి లేచి నిలబడింది. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. "నా పెనిమిటి ఉద్యోగాన్ని ప్రబువు నా బిడ్డకి ఇచ్చేడు, రేపే పనిలో సేరుతోంది" అని చెప్పి ఏడ్చింది. సంఘమంతా స్తోత్రం అన్నారు. సారా కూడా అంది. అన్నాక ఆమెకు నాలుక చేదెక్కింది.

"నిన్న నా పక్కనే కూకున్నావు," అంది దయావతి ఇప్పుడు. "నేను నిలబడతంటే నా కొంగట్టుకుని లాగొచ్చు కదే! అమ్మా, ఆగు, అనొచ్చు కదే!"

"నువ్వు అంత సంతోషంగా..."

"నా సంతోషం సంగతి నువ్వెత్తకు."

ఆ మాటకు సారాకి ఏడుపొచ్చింది. ఏడవకూడదని దువ్వెన తీసి గూట్లో పెట్టింది.

అంతలో గుమ్మం బయట నుంచి, "అప్పా! కోడిని తెచ్చేను, కత్తి నూరి ఉంచేవా?" అని కేక వినిపించింది.

వచ్చినవాడు దయావతి తమ్ముడు రాజబాబు. అక్కని అప్పా అనే పిలుస్తాడు. ఫెరార్‌గంజ్‌లో అతనికి కాస్త పొలం, కొన్ని వక్కచెట్లు ఉన్నాయి. మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. ఒక చేతిలో కాళ్ళు కట్టిన పుంజు, ఇంకో చేతిలో ములక్కాడల కట్ట, చంకలో ఒక అట్ట ఫైలు. ఆ ఫైలు ఆరేళ్ళుగా అతని చంక దిగలేదు. నెలకోసారి ఫెరార్‌గంజ్ నుంచి వచ్చి, బావగారి ఆఫీసు మెట్లెక్కి, "ఖాళీ ఏమైనా వచ్చిందా సార్?" అని అడిగి వెళ్ళేవాడు. ఎండనక, వాననక.

"ఇంకా ముస్తాబవలేదేటే సారమ్మా? పదకొండు గంటలకి తెస్తానని ఆఫీసులో గురునాథంగారికి మాటిచ్చేను. జాయినింగ్ రిపోర్టు టైపు కూడా కొట్టించీసేను. నువ్వు సంతకం గీకడవే బాకీ."

అతని చేతిలోని పుంజు రెక్కలు కొట్టుకుంది.

రాజబాబు అక్క ముఖం చూశాడు, మేనకోడలి ముఖం చూశాడు. "క్యా హువా? ఎవలైనా పోయేరేటి?"

"నీ మేనకోడలు పోతంది," అంది దయావతి. "సింగపూరు."

రాజబాబుకి విషయం బోధపడటానికి చాలాసేపు పట్టింది. బోధపడ్డాక పుంజునీ ములక్కాడల్నీ నేల మీద పెట్టి, తనూ నేల మీదే కూర్చున్నాడు.

"అదా! మే నెల్లో చెన్నై పోయి ఇచ్చొచ్చిన ఇంటర్వ్యూ? అది తమాషా అనుకున్నాను నేను. మనల్ని ఎవలు తీసుకుంటారని!"

"తీసుకున్నారు మావయ్యా."

"ఏటి సూసి?"

సారా చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగింది. ఆ ఇంటర్వ్యూ గది ఆమెకు ఇంకా కళ్ళముందే ఉంది. బల్లకు అవతల ముగ్గురు. ఓడల వ్యాపారం గురించి ఏం తెలుసని అడిగారు. పుస్తకంలో చదివినవన్నీ మర్చిపోయి, ఆమె ఉల్లిపాయల సంగతి చెప్పింది. జహాజ్ నాలుగు రోజులు ఆలస్యమైతే పోర్ట్ బ్లెయిర్‌లో ఉల్లిపాయ ఎలా మాయమవుతుందో, ఏ కొట్టువాడు ముందు దాచేస్తాడో, ఓడ వచ్చిన రోజున మూటలు ఏ వరసలో దించితే కింద ఉన్నవి కుళ్ళిపోతాయో చెప్పింది. మధ్యలో ఉన్న పెద్దాయన కలం పక్కన పెట్టి విన్నాడు.

"ఉల్లిపాయల సంగతి చెప్పాను," అంది సారా.

"ఉల్లిపాయలా!" రాజబాబు తల పట్టుకున్నాడు. "సూడప్పా, ఉల్లిపాయల మాట సెప్తే ఇచ్చిన నౌకరీ అది. సర్కారీ నౌకరీ వదిలీసి దానికి పోతాదట. రెండేల్లు నేర్పిస్తారు, సరే. తరవాత? పక్కా ఉజ్జోగమేనా?"

"నాలుగు రేవుల్లోనూ బాగా చేస్తే తీసుకుంటారు."

"సెయ్యకపోతే?"

"చేస్తాను."

"సెయ్యకపోతే అంటన్నాను!"

"అప్పుడు... లేదు."

"విన్నావా అప్పా? పక్కా కాదట. ఇది అరవై ఏల్ల దాకా కదలని కుర్చీ. అది ఆరు నెల్లకో ఊరు. ఇల్లు వదిలిన కుక్కలాగ తిరగడం. ఏది మంచిదో ఫెరార్‌గంజ్‌లో గొడ్లని కాసుకునేవోడికి కూడా తెలుస్తాది."

సారాకి కోపం వచ్చింది. ఆరేళ్ళుగా తన కోసం బస్సులెక్కిన మనిషి మీద కోపం రావడం పాపమని తెలుసు. తెలిసినా ఆగలేదు.

"మావయ్యా, మీరు తిరిగారు. కాదనట్లేదు. ఆరేళ్ళలో ఒక్కసారైనా నన్నడిగారా, ఈ పని నీకు కావాలా అని? పదిహేడేళ్ళప్పుడు పేరు రాసుకున్నారు. అప్పట్నుంచి నేను వెయిటింగ్ లిస్టులో ఉన్న మనిషిని. కంప్యూటర్ నేర్చుకుంటానంటే, ఎందుకు, నాన్న ఉద్యోగం వస్తుంది కదా అన్నారు. బీఎడ్‌కి పోతానంటే అదే మాట. నాకు నా ఉద్యోగం కావాలి. నాన్నది కాదు."

ఆ చివరి మాట అన్నాక ఆమెకే భయం వేసింది. గోడ మీద ఫోటోలో యిర్మియా తెల్ల చొక్కా వేసుకుని, కళ్ళు చికిలించి, ఎండలో నిలబడి ఉన్నాడు. దయావతి అటు చూడలేదు. పొయ్యి దగ్గరకు వెళ్ళి గిన్నె దించింది. దించిన గిన్నెను మళ్ళీ పొయ్యి మీదే పెట్టింది.

"ఎప్పుడు బయల్దేరాల?" అని అడిగింది అటు తిరిగే.

"గురువారం జహాజ్‌కి."

"టికెట్టేదీ? ఈ సీజన్లో టికెట్టు దొరకడం మజాకా అనుకున్నావా?"

"టికెట్ నేను తీసాను మమ్మీ," అన్నాడు దేవప్రసాద్.

పెరటి గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. పంతొమ్మిదేళ్ళవాడు. ట్వెల్త్ పాసై, ఏడాదిగా టూరిస్టు బోట్ల దగ్గర టికెట్లు చింపే పనిలో ఉన్నాడు. అక్కంటే ప్రాణం. చిన్నప్పుడు అక్క పలక తుడిచే పని కోసం ఏడ్చేవాడట.

"శనివారం లైన్లో నిలబడి తీసాను. బంక్ క్లాస్. దీదీ వెళ్ళనీ మమ్మీ. ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు."

"నీకూ తెలుసన్నమాట!" దయావతి ఇప్పుడు తిరిగింది. "అందరికీ తెలుసు. నేనొక్కదాన్నే పిచ్చిదాన్లాగ సంఘంలో నిలబడి సాక్ష్యం సెప్పేను. దేవుడి ముందర సెప్పిన మాట, నేదు నేదు, అది అబద్దం అని వచ్చే ఆదివారం మల్లీ లేచి సెప్పాలా? పది ఆజ్ఞల్లో ఏటుందో తెలుసా మీకు?"

"నువ్వు అబద్ధమాడలేదమ్మా. అబద్ధం నాది."

"తేడా ఎవలు సూస్తారే? దయావతి కూతురు అనరు, దయావతే అంటారు."

రాజబాబు లేచి పంచె దులుపుకున్నాడు. "బస్. మాటలొద్దు. పద ఆఫీసుకి. గురునాథంగారి ముందరే తేల్చుకుందాం. ఆయన సెప్తే నీకు గడ్డి పెట్టినట్టుంటాది."

"పద," అంది దయావతి కూడా. చీర మార్చుకోలేదు. నర్సరీ బడిలో ఆయా పనికి వెళ్ళేటప్పుడు కట్టుకునే నేత చీరతోనే గుమ్మం దిగింది.

*

దేవప్రసాద్ కూడా వెంట రాగా నలుగురూ ఆఫీసు దారి పట్టారు. వాన వెలిసి రోడ్డు ఆవిర్లు కక్కుతోంది. దిగువన రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. సారాకి చిన్నప్పటి నుంచీ ఆ కూత వింటే కాళ్ళు నిలవవు. ఏ ఓడ, ఎక్కడి నుంచి, ఏం తెచ్చింది అని తండ్రిని అడిగేది. ఆయన కూత విని ఓడ పేరు చెప్పేవాడు, లోపల సరుకు మాత్రం తనకూ తెలియదనేవాడు. అది తెలుసుకోవాలన్న తహతహ ఇన్నేళ్ళకూ తగ్గలేదు. ఇప్పుడు అదే తహతహ తల్లి ముఖం చూస్తే తప్పులాగా అనిపిస్తోంది.

గురునాథం ఆ ఆఫీసులో హెడ్ క్లర్కు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. రాజబాబును చూడగానే నవ్వి, కుర్చీలు వేయించాడు. సంగతి విన్నాక నవ్వు మానేసి కళ్ళజోడు తీశాడు.

"కంపెనీ వాళ్ళ కాగితం ఉందా అమ్మా?"

సారా ఇచ్చింది. ఆయన మొదటి నుంచి చివరి దాకా, కింద చిన్న అక్షరాలతో సహా చదివాడు. సింగపూర్, రాటర్‌డామ్, డర్బన్ అంటూ కొన్ని రేవుల పేర్లు పైకి చదివాడు.

"నేను ముప్పై ఏళ్ళుగా ఓడల కాగితాలు చూస్తున్నాను. ఒక్క ఓడా ఎక్కి ఎటూ పోలేదు," అన్నాడు. "మీ అమ్మాయి మంచిదే తెచ్చుకుందండి రాజబాబుగారూ. ఇందులో మోసమేమీ లేదు."

"మీరు కూడా అలాగంటే ఎలాగండి! గడ్డి పెడతారని తెస్తే..."

"చెప్పవలసింది చెబుతాను. అమ్మా, రెండూ కుదరవు. ఇక్కడ చేరి సెలవు పెట్టి వెళ్తానంటే ఒప్పుకోరు. వద్దనుకుంటే వద్దని రాసివ్వాలి. ఒకసారి రాసిస్తే ఈ ఆర్డరు నీ పేరున మళ్ళీ రాదు."

రాజబాబు దయావతి వైపు చూశాడు. దయావతి బల్ల మీద ఉన్న ఫైలు వైపు చూస్తోంది. ఆరేళ్ళలో బాగా లావెక్కిన ఫైలు.

గురునాథం ఆ పాత పేజీలు తిరగేస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "అసలు ఆ రోజే ఈవిడ చేరి ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు."

"ఎవలు?" అంది దయావతి.

"మీరేనమ్మా."

"నేనా? నేనెక్కడ సేరతాను?"

గురునాథం ఆమెను వింతగా చూశాడు. "సారంగుగారు పోయిన మూడో నెలలో ప్యూను ఖాళీ ఒకటి వచ్చింది కదా. మొదటి హక్కు భార్యది. రాజబాబుగారి చేత మీకు ఉత్తరం పంపాం. మీరు ఇష్టం లేదని రాసిచ్చారు. ఇదిగో."

ఫైలు ఆమె వైపు తిప్పాడు. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు వాక్యాలు. కింద తెలుగులో, గుండ్రంగా, కూడబలుక్కుని రాసినట్టు, దయావతి సంతకం.

దయావతి తన సంతకాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పకుండానే, "రాజబాబూ," అంది.

"అప్పా, అది..."

"నువ్వు ఎక్కడ సూపిస్తే అక్కడ గీకేను. పెన్షన్ కాయితం అన్నావు."

"పెన్షన్ కాయితాలూ ఉన్నాయి అందులో. ఇదీ ఉంది." రాజబాబు గొంతు తగ్గిపోయింది. "నువ్వే సెప్పు అప్పా. బావ ఈ ఆఫీసులోకి వస్తే ప్యూన్లు లేచి నిలబడీవోరు. సారంగ్ సాబ్ అనీవోరు. అలాంటోడి పెల్లాం ఇక్కడే టీ గ్లాసులు మొయ్యాలా? బల్లలు తుడవాలా? ఆల్లు ఏటనుకుంటారు? నా పానం ఒప్పలేదు. పిల్ల సదువుకుంటంది కదా, క్లర్కు పనే తీసుకుందాం, ఆగుదాం అనుకున్నాను."

"నన్నడగాల కదా."

"నువ్వు ఊఁ అనేస్తావని భయమేసింది."

అబద్ధం చెప్పలేదు పాపం. ఉన్నదే చెప్పాడు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

"ఆరేల్లు," అంది దయావతి. గొంతు పెంచలేదు. "ఆరేల్లు నర్సరీ బడిలో ఊరి పిల్లల ముక్కులు తుడిసేను, ముడ్లు కడిగేను. రాతిరేల జాకెట్లు కుట్టేను. కల్లు కనబడక సూదిలో దారం ఎక్కించమని సారాని లేపీదాన్ని. అదంతా పరువుగానే ఉంది నీకు. టీ గ్లాసు మోస్తే పరువు పోతాదేటి?"

రాజబాబు చంకలోని అట్ట ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుని దాని తాడు ముడి విప్పి, మళ్ళీ వేస్తున్నాడు.

సారాకి తల్లి వైపు చూడాలంటే సిగ్గేసింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎన్నిసార్లు విసుక్కుందో గుర్తొచ్చింది. "నేను చేరతానమ్మా," అనేసింది. "ఉండిపోతాను. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

అనేటప్పటికి అది నిజమే. అన్న మరుక్షణం దారిలో విన్న ఓడ కూత గుర్తొచ్చింది.

దయావతి ఆమె మాట విననట్టే, గురునాథంతో, "ఇప్పుడవుతాదా?" అని అడిగింది.

"ఏదమ్మా?"

"ఆ ప్యూను పని. నాకు."

గురునాథం కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "వయసు సడలింపు భార్యకు ఉంటుంది. కానీ ముందు అమ్మాయి వద్దని రాసివ్వాలి. అప్పుడు మీరు కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. పైవాళ్ళు ఒప్పుకుంటే అవుతుంది. ఒప్పుకోకపోతే రెండూ పోతాయి. నేను హామీ ఇవ్వలేను. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"ఆలోసించే పని నేదు. ఒక కాయితం ఇప్పించండి."

"అమ్మా, వద్దు," అంది సారా. "ఇవ్వకపోతే? నేను పోయి, నీకూ రాకపోతే? నాకోసం నువ్వు..."

"నీకోసం కాదే." దయావతి మొదటిసారి కూతురి ముఖంలోకి సూటిగా చూసింది. "నాకే కావాల. నేను ఎనిమిదో తరగతి సదివేను. హిందీ మాటాడతాను. పొద్దున్నే చీర కట్టుకుని ఆపీసుకి పోయి, సాయంత్రం రిజిస్టర్లో సంతకం పెట్టి ఒస్తే ఎలాగుంటాదో నాకూ సూసుకోవాలనుంది. ఎవలూ నన్నడగనేదు. నువ్వూ అడగనేదు. రాయి."

సారా రాసింది. ఎన్నో దరఖాస్తులు రాసిన చెయ్యి, ఆ రెండు వాక్యాలకు మూడుసార్లు ఆగింది. ఈ ఉద్యోగం నాకు వద్దు అనే మాట ఎన్నాళ్ళుగానో మనసులో అనుకున్నదే. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం తండ్రి చేతిలోంచి ఏదో లాక్కుని ఇంకెవరికో ఇస్తున్నట్టుంది. సంతకం పెట్టి గురునాథానికి ఇచ్చింది. ఆయన ముద్ర వేసి, తేదీ రాసి, ఫైల్లో పైన పెట్టాడు.

దయావతి అర్జీని ఆయనే దగ్గరుండి రాయించాడు. ఈసారి ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించాడు. దయావతి ప్రతిదానికీ తలూపి, ఆఖర్న సంతకం పెట్టింది. రాజబాబు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక దీని వెనక మేజరు పిల్లలిద్దరూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు చెయ్యాలి. ఒకటి తగ్గినా అర్జీ కదలదు," అన్నాడు గురునాథం.

సారా చేసింది. కలం తమ్ముడికిచ్చింది.

దేవప్రసాద్ కాగితం దగ్గరకు లాక్కున్నాడు. అర్జీ అంతా చదివాడు. కలం మూత పెట్టాడు.

"గురునాథం అంకుల్, ట్వెల్త్ పాసైనవాడికి ఏ పోస్టిస్తారు?"

"ట్వెల్తా? క్లర్కుకే అర్హత ఉంటుంది బాబూ. ఎందుకు?"

"అయితే మమ్మీ ప్యూను అవడమెందుకు? నా పేరు రాయండి. క్లర్కు పోస్టు ఇంట్లోనే ఉంటుంది."

రాజబాబు తలెత్తాడు. "అరే, గుంటడు సెప్పింది కూడా..." అని మొదలెట్టి, అక్క ముఖం చూసి మధ్యలోనే ఆపేశాడు.

"బాబూ, సంతకం పెట్టు," అంది దయావతి.

"మమ్మీ, నీకు నలభై ఏడు. పదమూడేళ్ళు చేస్తావు. నాకు నలభై ఏళ్ళ సర్వీస్. టూరిస్టుల టికెట్లు చింపుతూ ఎన్నాళ్ళుండాలి నేను? నన్ను కూడా ఎవరూ అడగలేదు కదా!"

"ముందు నేనడిగేను, నాన్నా."

"ఆరేళ్ళ కింద దీదీ పేరు రాసినప్పుడు నాకు పదమూడు. ఊరుకున్నాను. ఇప్పుడు దీదీకి ఇది వద్దు, తన దారి తను చూసుకుంది. మంచిదే. నేనే టికెట్ తీసిచ్చాను. నా దారి నేను చూసుకుంటే తప్పా?"

సారా రాసిచ్చిన కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైనుంది. ముద్ర సిరా అప్పటికే ఆరిపోయింది.

దేవప్రసాద్ కలం జేబులో పెట్టుకుని అక్క వైపు తిరిగాడు. "చెప్పు దీదీ. తప్పా?"

గురునాథం చూశాడు. రాజబాబు చూశాడు. దయావతి అర్జీని మళ్ళీ తన వైపు లాక్కుని, దాని మీద చెయ్యి వేసి, కూతురేం చెబుతుందోనని ఆమె వైపే చూసింది.